బోర్డు ఉంచుకోండి, ప్రాసెసర్ మాత్రం మార్చండి

మీ బి450 మదర్‌బోర్డు, ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 5 2600తో వీడియో రెండరింగ్ నెమ్మదిగా సాగుతోందని, ఇంటెల్‌కు మారాలా అని అడిగారు. వద్దండీ, మారితే బోర్డు కూడా కొనాలి. ఏళ్ల తరబడి సాధారణ డెస్క్‌టాప్‌లకు 4 కోర్లతోనే (కోర్ అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం) సరిపెట్టిన ఇంటెల్, 2017లో ఏఎండీ 8 కోర్ల రైజెన్ తెచ్చాక అదే ఏడాది 6 కోర్లకు వచ్చింది. ఆ పోటీ మనకెంతో మేలు చేసింది! మీ బోర్డులో ఉన్న ఆనాటి ఏఎం4 సాకెట్‌లోనే, అంటే ప్రాసెసర్ కూర్చునే చోటే, 2022 నాటి రైజెన్ 7 5700ఎక్స్ అమరుతుంది: 8 కోర్లు, 16 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు), మీ పాతదానిలాగే 65 వాట్లు. దానితో కూలర్ రాదు, ఉన్నదాన్నే మళ్లీ వాడాలి కాబట్టి జాగ్రత్తగా విప్పండి. అన్నిటికంటే ముఖ్యం, పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. పాత బయోస్‌ కొత్త ప్రాసెసర్‌ను గుర్తించకపోతే తెర వెలగదు.