ఎకో రిపోర్టులో వాల్వ్ ఏరియా 1.2 అంటే ఏమిటి?

తిరుపతిలో అమ్మగారికి తీయించిన ఎకోలో (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్) మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే కవాటం) ఏరియా 1.2 అని ఉంది, ప్రమాదమా అని అడిగారు. ఆ కవాటం మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాలి. 1.5 లేదా అంతకన్నా తగ్గితే కవాటం తీవ్రంగా సన్నబడినట్టే లెక్క. అలిపిరి టోల్‌గేట్ దగ్గర ఒక్క లైనే తెరిస్తే బండ్లు వెనక్కి పేరుకుపోయినట్టు, రక్తం ఊపిరితిత్తుల వైపు నిలిచిపోతుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం అందుకే.

మన దగ్గర చాలావరకు చిన్నప్పటి గొంతునొప్పి తర్వాత వచ్చిన రుమాటిక్ జ్వరమే దీనికి మూలం. ఎకోలో రేడియేషన్ ఉండదు (ఛాతీ మీద ఆ చల్లటి జెల్లే ఇబ్బంది). ఎకోలోనే భాగమైన డాప్లర్ పరీక్ష రక్తం వేగాన్ని కొలిచి, కవాటానికి అటూ ఇటూ పీడనం తేడా చెబుతుంది.

కవాటం రేకులు మెత్తగా ఉండి, లీకు ఎక్కువ లేకుండా, గుండె గదిలో రక్తం గడ్డ లేకపోతే ఆపరేషన్ లేకుండా బెలూన్‌తోనే తెరవొచ్చు. కార్డియాలజిస్టును ఆ మూడూ అడగండి.