ల్యాబ్‌లో టిష్యూ కల్చర్‌తో పెంచిన ఔషధ మొక్కలో మందు గుణం ఉంటుందా?

మీరు అడిగింది రెండు విషయాలు కదండీ, సర్పగంధ, అశ్వగంధ లాంటివి టిష్యూ కల్చర్‌లో, అంటే చిన్న మొక్క ముక్కని సీసాలో పోషకాల మీద పెంచే పద్ధతిలో, పెంచొచ్చా అని ఒకటి, అలా పెంచితే మందు గుణం మామూలు మొక్కలో ఉన్నట్టే ఉంటుందా అని ఇంకోటి. నేను చాలా ఏళ్ళు టిష్యూ కల్చర్ ల్యాబ్‌లో పనిచేశాను, అందులోనూ ఎక్కువ ఔషధ మొక్కల మీదే, కాబట్టి చూసింది చూసినట్టు చెప్తాను.

పెంచొచ్చు, కానీ ప్రతిదానికీ ఆ అవసరం లేదు. అశ్వగంధ విత్తనం చల్లితే చక్కగా వస్తుంది, ఏడాది తిరక్కుండానే వేరు చేతికొస్తుంది, దానికి ల్యాబ్ ఖర్చు ఎందుకు పెట్టాలి చెప్పండి. సర్పగంధ సంగతి అలా కాదు. దాని విత్తనాల్లో చాలావరకు మొలకెత్తవు, మందేమో వేరులో ఉంటుంది, వేరు కావాలంటే మొక్కనే పీకెయ్యాలి. 1952లో ఆ వేరు నుంచి రిసెర్పిన్ అనే పదార్థాన్ని విడదీసి బీపీ మందుగా వాడటం మొదలయ్యాక గిరాకీ పెరిగిపోయి అడవిలో మొక్కని తవ్వేస్తూ వచ్చారు, ఇప్పుడు దాని అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారం మీద దేశాల ఒప్పందం) నియంత్రణ కూడా ఉంది. ఇలాంటి మొక్కలకి టిష్యూ కల్చర్ నిజంగా ప్రాణం పోస్తుంది, నాకు ఈ పని మీద ఇంత ఇష్టం కూడా అందుకే.

ఎలా చేస్తారంటే, కొమ్మ మీద ఆకు పుట్టే కణుపు ఉంటుంది కదా, అందులో నిద్రపోతున్న మొగ్గ ఒకటి ఉంటుంది, ఆ కణుపు ముక్కనే తీసుకుంటాం. ముక్కకి తిండి పెట్టే మీడియం చాలావరకు ఎంఎస్ మీడియమే, మురషిగే, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు 1962లో ఇచ్చిన ఫార్ములా, లీటరుకి 30 గ్రాముల పంచదార, పీహెచ్ 5.8, గట్టిపడటానికి అగార్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ పొడి), తర్వాత 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆటోక్లేవ్, అంటే ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే యంత్రంలో పెట్టడం. మీడియంలో కలిపే మొక్కల హార్మోన్లలో సైటోకైనిన్ ఎక్కువైతే రెమ్మలు, ఆక్సిన్ ఎక్కువైతే వేర్లు, స్థూలంగా లెక్క ఇదే, మోతాదు మాత్రం మొక్క మొక్కకీ మారిపోతుంది. కొంతమంది ముందు కాలస్ ముద్ద (ఆకారం లేని కణాల గడ్డ) చేసి దాన్నుంచి మొక్కలు తీద్దాం, ఎక్కువ వస్తాయి అంటారు, అమ్మకానికి పెంచేటప్పుడు నేనైతే వద్దంటాను, ఎందుకంటే ఆ దారిలో జన్యుపరమైన తేడాలు వచ్చే అవకాశం ఎక్కువ, పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, లోపల ఆల్కలాయిడ్ (మందు గుణం ఇచ్చే రసాయనం) శాతం దేనికదే.

మొదట్లో అందరినీ ఏడిపించేది కంటామినేషన్, అంటే సీసాలోకి బూజు, బ్యాక్టీరియా చేరడం. బూజు వస్తే దూది పింజలా పైకే కనిపిస్తుంది, ఆ సీసా మూత తియ్యకుండా ఆటోక్లేవ్‌లో పెట్టేస్తాం, గొడవ లేదు. బ్యాక్టీరియా అలా కాదు. ముక్క పచ్చగా ఉంటుంది, చిగురు కూడా వేస్తుంది, బాగుందిలే అనుకుంటాం, సీసా ఎత్తి లైటుకి అడ్డంగా పెట్టి చూస్తే ముక్క కింద అగార్‌లో పల్చగా పాలు ఒలికినట్టు తెల్లటి పొర. అది చాలాసార్లు కొమ్మ లోపలే ఉండి వచ్చింది, పైన ఎంత కడిగినా పోదు. అందుకే తల్లి మొక్కని కొన్ని వారాల ముందు నుంచే నీడలో, ఆకులు తడవకుండా, మొక్క మొదలు దగ్గర మాత్రమే నీళ్ళు పోస్తూ పెంచి, కొత్తగా వచ్చిన లేత కొమ్మల నుంచే ముక్కలు తియ్యండి, సగం బాధ తగ్గుతుంది. శుభ్రం చెయ్యడానికి మెర్క్యూరిక్ క్లోరైడ్ వాడమని చాలాచోట్ల రాసుంటుంది, అది పాదరసం విషమండీ, సింక్‌లో పారబొయ్యకూడదు కూడా, సోడియం హైపోక్లోరైట్‌తో (బ్లీచ్ ద్రావణం) పని జరిగితే దాని జోలికే పోవద్దు.

అసలు నష్టం జరిగేది బయటికి తెచ్చినప్పుడు. సీసాలో గాలి నిండా తేమ ఉంటుంది, ఆకు మీద మైనపు పొర సరిగా ఏర్పడదు, పత్రరంధ్రాలకి మూసుకోవడం రాదు, పైగా ఇన్నాళ్ళూ పంచదార మీద బతికిన మొక్క. దాన్ని అలాగే కుండీలో పెడితే గంటల్లో వాడిపోతుంది. వేళ్ళకి అంటుకున్న అగార్‌ని గోరువెచ్చటి నీళ్ళతో మెల్లగా, వేరు తెగకుండా మొత్తం కడగాలి, కొంచెం మిగిలినా ఆ పంచదారకి బూజు పట్టి మొదలు కుళ్ళుతుంది. కొబ్బరి పొట్టు, పెర్లైట్ (తేలికైన తెల్లటి ఖనిజ గుళికలు) కలిపి నాటి, పైన ప్లాస్టిక్ కవర్ కప్పి, రోజుకి కాస్త కాస్త చొప్పున కవర్ తెరుస్తూ వారాల తరబడి అలవాటు చెయ్యాలి. ఇక్కడ తొందరపడితే ల్యాబ్‌లో పడ్డ కష్టమంతా పోయినట్టే.

ఇక మందు గుణం. సీసాలో ఉన్న పిల్ల మొక్కలో వెతకొద్దు. సర్పగంధ వేర్లలో ఆల్కలాయిడ్‌లు చేరాలంటే మొక్క నేలలో ఏడాదిన్నర, రెండేళ్ళు పెరగాలి, వేరు లావెక్కాలి. కణుపు నుంచి తీసిన మొక్కకి తల్లి గుణమే వస్తుంది, కాబట్టి తల్లి మొక్కని ఎంచుకునేటప్పుడే దాని వేరుని హెచ్‌పీఎల్‌సీ టెస్ట్ (ఏ రసాయనం ఎంత ఉందో కొలిచే ల్యాబ్ పరీక్ష) చేయించి, శాతం బాగున్నదాన్నే పెట్టుకోండి, తర్వాత పొలంలో పెరిగినదాన్ని మళ్ళీ టెస్ట్ చేయించండి. మొక్కే లేకుండా కణాలనే ట్యాంకుల్లో పెంచి మందు తియ్యడం కూడా ఉంది, జపాన్‌లో 1980ల్లోనే షికోనిన్ అనే ఎర్రటి వేరు పదార్థాన్ని అలా తీశారు, క్యాన్సర్ మందు పాక్లిటాక్సెల్‌ని యూ చెట్టు కణాల నుంచి తీస్తున్నారు, కానీ అది పెద్ద ఫ్యాక్టరీ పని, మనలాంటి చిన్న ల్యాబ్‌కి కాదు.

కొత్తగా మొదలుపెడుతుంటే ముందు నీటిబ్రాహ్మి మీద చెయ్యి తిప్పుకోండి, చాలా తేలిగ్గా రెమ్మలేస్తుంది, వేర్లు కూడా పెద్దగా సతాయించవు. అందులో బయటికి తెచ్చిన మొక్కలు నిలబడటం మొదలయ్యాక సర్పగంధ పట్టుకోండి.