అది చెన్నై ఉక్క కాదమ్మా

ప్రశ్న: నాకు 47 ఏళ్లు, పెరంబూరులో ఉంటాం. ఏడాదిగా నెలసరి ఒక నెల వస్తే రెండు నెలలు రావట్లేదు. ఉన్నట్టుండి గుండెల మీంచి మొహం దాకా సెగ ఎగదన్నినట్టవుతుంది. మొన్న మార్గళి నెల చలిలో కూడా తెల్లవారుజామున జాకెట్టు తడిసిపోయి, లేచి మార్చుకున్నాను. మావారేమో చెన్నై ఉక్కకి అందరికీ ఇంతే అంటారు. హార్మోన్ మాత్రలు వాడితే క్యాన్సర్ వస్తుందని మా వదినగారు భయపెడుతున్నారు. ఏం చెయ్యను?
– ఓ పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మా, ఇంట్లో అందరూ దుప్పట్లు కప్పుకున్న వేళ మీ ఒక్కరికే చెమట పడుతోందంటే అది ఉక్కెలా అవుతుంది? ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గుతుంటే ఒంటి వేడిని అదుపులో ఉంచే మెదడు భాగం కాస్త తేడాకే కంగారుపడి చెమట పట్టిస్తుంది. వరసగా 12 నెలలు నెలసరి రాకపోతేనే మెనోపాజ్ అంటాం, మీరింకా దాని ముందు దశలో ఉన్నారు, అంటే గర్భం వచ్చే అవకాశం కూడా పూర్తిగా పోలేదు, ఆ జాగ్రత్త మానకండి. 45 దాటి ఇలాంటి లక్షణాలుంటే మామూలుగా హార్మోన్ పరీక్షలకి డబ్బు పొయ్యక్కర్లేదు, వాటి అంకెలు రోజుకోలా ఉంటాయి. థైరాయిడ్, హిమోగ్లోబిన్ మాత్రం చూపించుకోండి.

ఇక మీ వదినగారి భయం. అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2002లో వార్తల్లోకెక్కాక ఇది ఇంటింటికీ పాకింది, కానీ అందులో ఉన్నవాళ్ల సగటు వయసు 63. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ అనే రెండు హార్మోన్లూ కలిపి ఏళ్ల తరబడి వాడితే రొమ్ము క్యాన్సర్ ముప్పు కొద్దిగా పెరిగేమాట నిజమే, దాచను. అయినా 60 లోపు, లేదా నెలసరి ఆగిన పదేళ్లలోపు మొదలుపెట్టిన ఆరోగ్యవంతులకి సాధారణంగా నష్టం కన్నా లాభమే ఎక్కువ, ఈ సెగలకి ఇంతకన్నా బాగా పనిచేసే మందు లేదు. గర్భసంచి ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడకూడదు, ప్రొజెస్టిరాన్ తోడుండాలి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకీ, రక్తం గడ్డలు కట్టినవాళ్లకీ, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకీ మామూలుగా ఇవ్వం, వాళ్లకి హార్మోన్ లేని మందులున్నాయి. కాబట్టి మెడికల్ షాపులో అడిగి కొనుక్కోకుండా గైనకాలజిస్టు దగ్గర కూర్చుని మీ ఇంటి జబ్బుల చరిత్రంతా చెప్పండి, మీవారిని కూడా తీసుకెళ్తే ఇంకా మంచిది, ఆయనకీ సంగతి తెలుస్తుంది.

సాయంత్రం ఫిల్టర్ కాఫీ తాగిన రోజున సెగలు ఎక్కువవుతున్నాయేమో గమనించండి. ఎముకలు గుల్లబారేదీ ఈ వయసులోనే, రాగిజావ, పెరుగు, నడకతో పాటు కాస్త బరువులెత్తే వ్యాయామం చెయ్యండి.

ఒకటి మాత్రం మరవకండి, ఏడాది పాటు పూర్తిగా ఆగిపోయాక మళ్లీ ఒక్క మరక కనిపించినా ఆ వారంలోనే డాక్టర్‌కి చూపించుకోవాలి.