తాపీమేస్త్రీని పిలవాలనుకున్న బందిపోటు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. రెండో పేజీలో షావుకారు నీ హీరో చెంప పగలగొట్టాడు, మూడో పేజీకల్లా అతను గొడ్డలి భుజాన వేసుకుని అడవిలో ఉన్నాడు. మధ్యలో ఒక పూట అన్నం కూడా తినలేదు పాపం. నేను రాసిన మొదటి బందిపోటూ అంతే. ఆ కథను తిప్పి పంపిన ఎడిటర్ గారు మార్జిన్‌లో ఒక్క ముక్క రాశారు: 'ఇతనికి ఇల్లు లేదా?' అప్పుడు ఒళ్లు మండింది. జవాబు మాత్రం చాలా ఏళ్ల తర్వాత ఒక చైనా నవలలో దొరికింది.

'షుయ్ హు జువాన్' అని, మింగ్ కాలం నాటిది. పేరుకి నీటి ఒడ్డు అని అర్థం. షాన్‌డాంగ్‌లో లియాంగ్‌షాన్ అనే కొండ, చుట్టూ మడుగులు, అక్కడ చేరిన 108 మంది బందిపోట్లు. పులిని ఉత్త చేతులతో చంపినవాడున్నాడు, రెండు గొడ్డళ్లతో ఎదురొచ్చినవాళ్లనల్లా నరికేవాడున్నాడు. వాళ్ల జోలికి ఇప్పుడే పోకు. లిన్ చోంగ్‌ని చదువు.

ఇతను రాజధానిలో సైన్యానికి ఈటె, కర్రసాము నేర్పే గురువు. ఉద్యోగం, భార్య, మంచి పేరు అన్నీ ఉన్నాయి. ఒకరోజు గుడి దగ్గర భార్యను ఎవడో అడ్డగించాడని తెలిసి పరుగెత్తుకొస్తాడు. భుజం పట్టి ఇటు తిప్పి పిడికిలి ఎత్తుతాడు. చూస్తే వాడు సేనాపతి గావ్ చ్యూ పెంపుడు కొడుకు. పిడికిలి దానంతటదే సడలిపోతుంది. అధికారికి కాదు, మన పైఅధికారికే భయపడాలన్న సామెత చెప్పి స్నేహితుడి దగ్గర సర్దుకుంటాడు. జీతం తీసుకునే ప్రతివాడికీ ఈ మాట తెలుసు. ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసినవాణ్ని, నాకు మరీ బాగా తెలుసు.

ఆ తర్వాత కుట్ర, అబద్ధపు కేసు, నేరస్థుడని మొహం మీద పచ్చబొట్టు, దూరంగా త్సాంగ్‌జౌకి ప్రవాసం. దారిలో కాపలావాళ్లు అతని పాదాలు సలసల కాగే నీళ్లలో ముంచి, బొబ్బలెక్కాక కొత్త గడ్డి చెప్పులు తొడిగి నడిపిస్తారు. అడవిలో చెట్టుకు కట్టేసి చంపబోతుంటే స్నేహితుడైన సన్యాసి వచ్చి కాపాడతాడు. సన్యాసి ఆ ఇద్దరినీ చంపబోతే వద్దని బతిమాలింది ఎవరనుకున్నావు? లిన్ చోంగే. 'ఇంకా ఎన్నాళ్లురా బాబూ' అని మనకి విసుగొస్తుంది. రచయితకు కావలసిందీ అదే.

ఇక పదో అధ్యాయం. దాన్ని నిదానంగా చదువు. అతన్ని సైన్యం గడ్డివాముల దగ్గర కాపలాకి వేస్తారు. జోరుగా మంచు. గాలికి పాక ఊగిపోతుంటే అతనేమనుకుంటాడో తెలుసా? మంచు తగ్గాక ఊళ్లోంచి తాపీమేస్త్రీని పిలిపించి బాగు చేయించాలి అనుకుంటాడు! తనను నాశనం చేసిన సర్కారు పాక అది. చలికి సారా తెచ్చుకుందామని బయల్దేరుతూ కుంపట్లో నిప్పు కప్పెడతాడు, తాళం వేస్తాడు, ఈటెకు సొరకాయ బుర్ర తగిలించుకుని వెళతాడు. తిరిగొచ్చేసరికి మంచు బరువుకి పాక కూలిపోయి ఉంటుంది. అప్పుడు కూడా లోపలికి చెయ్యి పెట్టి నిప్పు ఆరిందా లేదా అని తడిమి చూస్తాడు.

ఆ రాత్రికి దగ్గర్లోని కొండదేవుడి గుడిలో దూరి తలుపుకి ఒక పెద్ద బండ అడ్డం పెట్టుకుంటాడు. కాసేపటికి చిటపటలు. గడ్డివాములు తగలబడుతున్నాయి. మంటలార్పడానికి తలుపు తియ్యబోతాడు. సరిగ్గా అప్పుడు బయట మాటలు వినిపిస్తాయి. నిప్పు పెట్టిన ముగ్గురూ తలుపు నెట్టి చూసి, బండ అడ్డుండటంతో చూరు కిందే నిలబడి మంటను చూసి మురిసిపోతున్నారు. ఒకడు చిన్ననాటి స్నేహితుడు. లిన్ చోంగ్ ఎముకలు రెండు ఏరుకుని వెళ్లి చూపిద్దాం అనుకుంటున్నారు.

బండ పక్కకి జరుగుతుంది. ఆ ముగ్గురూ బతకరు. మంటలార్పడానికి ఊరివాళ్లు వస్తే, 'మీరు త్వరగా వెళ్లండి, నేను అధికారులకు చెప్పొస్తాను' అని అబద్ధమాడి వెళ్లిపోతాడు. నన్నడిగితే అతను బందిపోటు అయింది కత్తి దూసినప్పుడు కాదు, ఈ మాట అన్నప్పుడు.

1641లో జిన్ షెంగ్‌తాన్ అనే విమర్శకుడు ఈ నవలను 70 అధ్యాయాలకు కుదించి వ్యాఖ్యానం రాశాడు. పెద్ద మంటకు ముందూ వెనకా చిన్న చిన్న నిప్పులు ఎన్నిసార్లు వస్తాయో గమనించమన్నాడు. కుంపటి ఊరికే లేదన్నమాట.

ఆ వెంటనే రచయిత ఇంకో పని చేస్తాడు. తడిసి వచ్చిన లిన్ చోంగ్‌ని చలి కాచుకోనిచ్చిన పేదవాళ్లు సారా మాత్రం ఇవ్వబోమంటే, వాళ్లనే కొట్టి తాగుతాడు. మనమైతే హీరో పాడైపోతాడని టెన్షన్ పడి కొట్టేసే సీను. ఆయన ఉంచాడు. పగ కూడా తీర్చలేదు. గావ్ చ్యూ బందీగా దొరికితే బందిపోట్ల నాయకుడు విందు పెట్టి పంపించేస్తాడు. లిన్ చోంగ్ చివరికి పక్షవాతంతో హాంగ్‌జౌలో ఒక గుడిలో పోతాడు.

తప్పు లేదని కాదు. అంత నవలలో పనిపిల్లకి జిన్అర్ అని పేరుంది, లిన్ చోంగ్ భార్యకి పుట్టింటి ఇంటిపేరే తప్ప సొంత పేరు లేదు. చివరికి ఉరి వేసుకుంటుంది, ఆ సంగతి కూడా ఎవరో వచ్చి చెబితే తెలుస్తుంది. నీ కథలో చెల్లెలికీ పేరు పెట్టలేదు నువ్వు.

రెండో పేజీ చివర నుంచి మళ్లీ రాయి. చెంపదెబ్బ తిన్న రాత్రి అతను ఇంటికెళ్లి దూడను కట్టేశాడా, మర్నాడు షావుకారు పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లాడా, నాకు తెలియాలి. గొడ్డలి చూరులోనే ఉండనీ. సంక్రాంతికి ఊరొస్తాను, అప్పటికి ఆ రాత్రి ఒక్కటీ రాసి ఉంచు. చెల్లెలి పేరు కూడా.

ఆశీస్సులతో,
అన్నయ్య