కాగితం ఎందుకు పుట్టిందో చూడు

చిరంజీవికి చిన్నమ్మమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన వంశవృక్షాన్ని మీ అమ్మ ప్రింటు తీయించి తెచ్చి ఇచ్చింది. గీతలూ గళ్లూ ముచ్చటగా ఉన్నాయి. కానీ నాన్నా, అందులో మీ అమ్మ తప్ప అందరూ మగవాళ్లే. అందరికంటే పైన కాకతీయుల నాటి సేనాని ఒకాయన కూర్చున్నాడు. ఆయనకీ మీ ముత్తాతకీ మధ్య ఆరు వందల ఏళ్లు ఖాళీ. ఇంటిపేరు కలిసిందని ఎవరో తెచ్చి కూర్చోబెట్టినట్టున్నారు. ముందు ఆయన్ని మర్యాదగా కిందికి దించు. మన ఇంటిపేర్లు చాలామటుకు ఊళ్ల పేర్లే. ఒకే ఊరు వదిలి వచ్చిన వేరువేరు కులాలవాళ్లకీ అదే ఇంటిపేరు ఉంటుంది. దత్తత వెళితే ఇంటిపేరూ మారుతుంది, గోత్రమూ మారుతుంది. వాటిని ఆనవాళ్లుగా పెట్టుకో, సాక్ష్యంగా కాదు.

నా ఉద్యోగమంతా రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోనే గడిచింది కాబట్టి, నాకు తెలిసింది చెబుతాను. ఏ కాగితమూ మన పెద్దవాళ్లను గుర్తుపెట్టుకోవడానికి పుట్టలేదు. శిస్తు వసూలుకో, అన్నదమ్ముల తగువు తీర్చడానికో, అప్పు రాబట్టడానికో పుట్టింది. అందులో మనవాళ్ల పేర్లు ఉండటం మన అదృష్టం. ఎవరు, ఏ అవసరానికి రాయించారో ముందు చూసుకుంటే, ఏ ముక్క నమ్మాలో ఏది అనుమానించాలో నీకే తెలుస్తుంది.

నీ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడువు. పై నుంచి కిందికి వస్తే సేనానులే దొరుకుతారు. మీ నాన్నగారి మేనత్త గుంటూరులో ఉన్నారు కదా, తొంభై దాటిన మనిషి, ముందు ఆవిడ దగ్గరికి వెళ్లు. "మీ తాతగారి పేరేంటండీ" అని అడిగితే ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటారు. "మీ పెళ్లికి ఎవరెవరు వచ్చారు, అలిగిందెవరు" అని అడుగు. అలిగిన ఒక్క మేనమామ కథలోంచి మూడు ఊళ్లు, రెండు తరాలు బయటికి వస్తాయి. ఏ ఊరి పిల్లని తెచ్చుకున్నారు, ఆడపడుచుల్ని ఎక్కడిచ్చారు, ఎవరికి ఎవరి పేరు పెట్టారు, ఇవి వాళ్లు మరిచిపోరు. ఫోనులో రికార్డు చేసుకో, కానీ చెప్పి చెయ్యి.

తేదీలు మాత్రం అడగకు. తద్దినం ఏ తిథినాడో అడుగు. ఏ సంవత్సరం అంటే "పరాభవ" అంటారు. అది 1966 కావచ్చు, 1906 కావచ్చు, అరవై ఏళ్లకోసారి అదే పేరు వస్తుంది. "ఉప్పెన ఏడాది" అంటే ఇప్పటివాళ్లకు 1977 దివిసీమ ఉప్పెన, తాతల నాటి మాటైతే 1864 బందరు ఉప్పెన. "ధాత కరువు" అంటే 1876 నాటిది. బడి రికార్డులో పుట్టినతేదీ జూలై 1 అని కనిపిస్తే నవ్వుకుని పక్కన పెట్టు, అది మాస్టారు పెట్టిన పుట్టినరోజు.

తద్దినం పెట్టే ఇళ్లలో మూడు తరాల పేర్లు నోటికి వచ్చే ఉంటాయి. తండ్రి, తాత, ముత్తాతతో పాటు తల్లి, నాయనమ్మ, తాతమ్మ పేర్లు కూడా చెప్పిస్తారు. ఇంకా మంచిది పుష్కరాల చిట్టా. పిండప్రదానానికి వెళ్లేటప్పుడు పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు, పిల్లల్లేకుండా పోయినవాళ్లు అందరి పేర్లూ రాసుకుని వెళతారు. 2015 గోదావరి పుష్కరాలకు, 2016 కృష్ణా పుష్కరాలకు రాసుకున్న కాగితాలు ఇంకా ఎవరో ఒకరి బీరువాలో ఉంటాయి. అడుగు.

ఇక నేను పనిచేసిన చోటు. ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఒక ఆస్తిమీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పుస్తకాలు తిరగేయించాల్సిందే. భూములూ ఇళ్ల దస్తావేజులన్నీ 1వ పుస్తకంలోకి ఎక్కుతాయి. దానికి ఇండెక్సులు రెండు, ఒకటి మనుషుల పేర్లమీద, ఒకటి ఆస్తిమీద. ఫీజు కడితే ఎవరైనా వెతికించుకోవచ్చు. వీలునామాలు 3వ పుస్తకంలో ఉంటాయి. రాసినవాళ్లు బతికుండగా వాళ్లకు తప్ప వేరేవాళ్లకు నకలు ఇవ్వరు, పోయిన తర్వాత ఎవరు దరఖాస్తు పెట్టినా ఇస్తారు. ఈ సంగతి చాలామందికి తెలియక వీలునామాల జోలికే వెళ్లరు. వీలునామాలో మనిషి మనసు విప్పి రాయిస్తాడు, ఎవరు చూశారు, ఎవరు చూడలేదు, ఏ కూతురికి ఇదివరకే ఏమిచ్చాడు, అంతా ఉంటుంది.

పాత దస్తావేజులో మొదటి నాలుగు వరసలు తీరిగ్గా చదువు. తండ్రి పేరు, కులం, వృత్తి, కాపురం ఉన్న గ్రామం, తాలూకా అన్నీ అక్కడే ఉంటాయి. మైనరు పిల్లల తరఫున తల్లి సంతకం పెట్టిందంటే తండ్రి అప్పటికే పోయాడని అర్థం చేసుకోవచ్చు. ఆడవాళ్ల కోసం మాత్రం మూడు రకాల దస్తావేజులు ప్రత్యేకంగా వెతుకు. పసుపు కుంకుమ కింద కూతురికి రాసినవి, వితంతువుకు మనోవర్తి కింద రాసినవి, హక్కు విడుదల దస్తావేజులు. ఈ మూడోది చూడు నాన్నా. తండ్రి ఆస్తిలో మాకేమీ అక్కర్లేదని అక్కచెల్లెళ్లంతా కలిసి అన్నదమ్ములకు రాసిచ్చే కాగితం అది. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చాక ఇవి బాగా వచ్చాయి. ఒక్కొక్కరి పేరు, భర్త పేరు, వయసు, ఏ ఊళ్లో ఉంటున్నారో వరసగా రాసి, పక్కన వేలిముద్రలు. వంశవృక్షాల్లో ఎక్కడా కనిపించని ఆడపిల్లలు ఒక్కచోట కనిపించేది హక్కు వదులుకున్న రోజునే. ఆ కాగితాలు నా బల్లమీదికి వచ్చినప్పుడల్లా నాకు కోపం వచ్చేది, కానీ నీకు ఇప్పుడు పనికొచ్చేది అదే.

రిజిస్ట్రేషన్ కంటే వెనక్కి వెళ్లాలంటే భూమి రికార్డే గతి. అక్కడ పేరు పట్టుకుని వెతికితే తప్పిపోతావు. మనవాళ్లు తాత పేరు మనవడికి పెడతారు కాబట్టి 1870లో ఒక వెంకటసుబ్బయ్య, 1930లో ఇంకో వెంకటసుబ్బయ్య ఉంటారు. ఇద్దర్నీ ఒకరనుకుంటే మధ్యలో తండ్రి తరం మాయమైపోతుంది. సర్వే నంబరు పట్టుకో, పక్కన తండ్రి పేరు చూసుకో. పాత పట్టాదారు పాస్‌బుక్కులో నంబరు తీసుకుని, అడంగళ్లు (ఏ నంబరు భూమి ఎవరి సాగులో ఉందో ఏటా రాసే ఊరి లెక్క), ఆర్‌ఎస్‌ఆర్ అనే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు (ఇంగ్లీషువాళ్లు శిస్తు మళ్లీ కట్టినప్పుడు రాసింది) దాకా వెనక్కి వెళ్లు. అడంగళ్లమీద ఉండేది ఫసలీ సంవత్సరం, అంటే జూలై నుంచి జూన్ దాకా నడిచే శిస్తు సంవత్సరం. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, 1330 ఫసలీ అంటే 1920-21. మీ ఊరు రైతువారీయా (రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టేది), జమీందారీయా, ఇనామా (దానంగా ఇచ్చిన మాన్యం) అన్నది కూడా ముందే కనుక్కో. జమీందారీ ఊరైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సెటిల్‌మెంట్‌లోనే రైతుల పేర్లు సర్కారు లెక్కలోకి వచ్చాయి. అంతకు ముందువి జమీందారు కచేరీ లెక్కలు, అవి ఎవరింట్లో చెదలు తిన్నాయో చెప్పలేం.

మీ తాతమ్మ పుట్టినూరు ఇనాం ఊరు కాబట్టి అక్కడ నీ పంట పండినట్టే. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఇనాం కమిషన్ వేశారు. ఏ మాన్యం ఎవరిది, నిజంగా ఇచ్చిందేనా అని ఒక్కొక్కటే విచారించి ఇనాం ఫెయిర్ రిజిస్టరు రాశారు. మొదట దానం పట్టినవాడు ఎవరు, ఇచ్చినవాడు ఎవరు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, వాడి వయసెంత, మొదటివాడికి ఏమవుతాడు, ఇవన్నీ వేరువేరు గళ్లలో ఉంటాయి. ఒక్క పేజీతో మూడు నాలుగు తరాలు దాటవచ్చు. బ్రాహ్మల అగ్రహారాలే కాదు, ఊరి చాకలి, మంగలి, కమ్మరి మాన్యాలు కూడా అందులో ఉంటాయి. కానీ జాగ్రత్త, ఆ రోజు మాన్యం నిలబెట్టుకోవాలంటే మొదటి గ్రహీతకు వారసుణ్నని చెప్పుకోవాలి. ఈ చివరా ఆ చివరా నమ్మవచ్చు, మధ్యలో చెప్పిన బంధుత్వం ఇంకోచోట కలిసేదాకా పెన్సిలుతోనే రాసుకో.

కోర్టు దావాల్లో దాఖలు చేసిన వంశవృక్షాలూ ఇంతే. చూడటానికి మహా పొందికగా ఉంటాయి. వేసింది వాది అయితే ఒక కొమ్మ కత్తిరించేసి ఉండవచ్చు, దత్తతని ఒప్పుకోకపోయి ఉండవచ్చు. ప్రతివాది వేసిన జవాబు కూడా తీసి పక్కపక్కన పెట్టి చదువు, తర్వాత తీర్పు చదువు. తగువు ఎక్కడుందో అక్కడే నీకు కావలసిన మనిషి దొరుకుతాడు.

మీ ఆవిడ వాళ్ల వైపు కూడా వెయ్యి, లేకపోతే నీ పిల్లలకు సగం చెట్టే మిగులుతుంది. వాళ్లది ఒంగోలు దగ్గర పల్లె కదా. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత గుంటూరు, 1970లో ఒంగోలు జిల్లా అయింది, 1972 నుంచి దాని పేరే ప్రకాశం. పాత కాగితాలు పాత జిల్లా కిందే కట్టలు కట్టి ఉంటాయి, ప్రకాశం అని అడిగితే లేవని పంపించేస్తారు. అయితే వాళ్ల తాతలకు భూమి లేదు కాబట్టి నేను చెప్పిన ఆఫీసులన్నీ తిరిగినా ఉపయోగం తక్కువ. వాళ్లకు దారి చర్చి. ధాత కరువు వెనకాలే, 1878 జూలైలో ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. సర్కారు పట్టించుకోని మనుషుల పేర్లు పాస్టర్లు పుస్తకాల్లోకి ఎక్కించారు. బాప్తిస్మంతో పేరు మారి ఉండవచ్చు, పాత పేరు ఇంట్లో ముసలమ్మలనే అడగాలి. మాదిగవాళ్లకు డక్కలివాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, రెడ్లకు ఇప్పుడు వంశరాజ్ అని పిలుస్తున్నవాళ్లు వంశాలు చెప్పేవాళ్లు. దొరికితే కూర్చోబెట్టి వినండి. పురాణం ఎక్కడ ఆగి ఊరూ పేర్లూ ఎక్కడ మొదలయ్యాయో వింటుంటేనే తెలిసిపోతుంది.

మీ బావ వాళ్లది నల్గొండ అన్నావు. అక్కడ అందరూ పట్టుకునేది 1954-55 ఖాస్రా పహాణీ, మన అడంగల్ లాంటిదే. అంతకు ముందువి ఉర్దూలో ఉంటాయి, చదివేవాళ్లను ముందే మాట్లాడుకోమను. మన దగ్గర కూడా కరణాల గొలుసుకట్టు రాత నీ వల్ల కాదు. పాత దస్తావేజు లేఖరుల్ని పట్టుకో, ఒక్కో పేజీకి ఇంతని ఇచ్చేయి, బేరం ఆడకు.

మీ ఆఫీసులో డర్బన్ నాయుడు ఉన్నాడని చెప్పావు చూడు, అతనికి నీకంటే పని సులువు. 1860 నుంచి 1911 దాకా మద్రాసు రేవు నుంచి డర్బన్ ఉన్న నాటాల్‌కు (ఇప్పటి దక్షిణాఫ్రికాలోది) కూలీలను ఓడలెక్కించినప్పుడు పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాసుకున్నారు. ఆడవాళ్లకు కూడా విడివిడిగా నంబర్లు ఇచ్చారు. పారిపోతే పట్టుకోవాలి కదా, అందుకు అంత శ్రద్ధ.

గయకు వెళితే అక్కడి పండాల, అంటే పిండాలు పెట్టించే పురోహితుల, పుస్తకాలు చూడవచ్చు. జిల్లా, ఊరు చెప్పు, ఇంటిపేరు కూడా చెప్పు, కానీ తాతల పేర్లు నువ్వు ముందు చెప్పకు. పేజీ తెరిచి చూపించాక నీ కళ్లతో చదువు. ఫోటో తీసుకో, దక్షిణ ఇవ్వు. ముందే పేర్లన్నీ అప్పజెప్పితే నీ మాటే నీకు తిరిగి చెబుతారు.

డీఎన్ఏ టెస్టు సంగతి అడిగావు. సరదాకి చేయించుకుంటే చేయించుకో. ఎక్కడో ఒక దూరపు చుట్టాన్ని చూపిస్తుందేమో గానీ మీ ముత్తాత పేరు చెప్పదు. ఆ డబ్బుతో నకళ్లు తీయించుకోవచ్చని నా లెక్క.

దొరికిన ప్రతి ముక్క పక్కనా ఎక్కడ దొరికిందో రాయి. దస్తావేజు నంబరు, సంవత్సరం, ఆఫీసు పేరు. మేనత్తగారు చెబితే మేనత్తగారు, ఏ రోజు చెప్పారో. ఇంటర్నెట్‌లో ఇంకొకళ్లు వేసిన చెట్టులోంచి తీసుకుంటే అది కూడా రాయి, నలుగురు ఒకర్ని చూసి ఒకరు ఎక్కించినది నాలుగు సాక్ష్యాలు కాదు. ఇంట్లో ఎవరిదైనా రెండో పెళ్లో, చెప్పుకోని బిడ్డో బయటపడితే, ఆ మనుషులు బతికుండగా అందరికీ పంపే ప్రింటులో పెట్టకు. నీ పుస్తకంలో మాత్రం నిజమే ఉండాలి.

జనవరిలో వస్తున్నావట. భోగి నుంచి కనుమ దాకా ఆఫీసులు ఉండవు, ఆ తర్వాత రెండు రోజులు సిబ్బంది ఉండరు. కాబట్టి ఇంకో వారం సెలవు పెట్టుకుని రా. పండగ రోజుల్లో మేనత్తగారి దగ్గర కూర్చో, తర్వాత ఆఫీసులకు తిరుగుదాం. ఈలోగా మీ తాతగారి పాస్‌బుక్కు జిరాక్సు, మీ నాయనమ్మ అక్కచెల్లెళ్లు ఏ ఏ ఊళ్లకు కోడళ్లుగా వెళ్లారో ఒక కాగితం మీద రాసి మీ అమ్మతో పంపించు. ఇండెక్సు వెతికించడానికి దరఖాస్తులు నేను రాసి ఉంచుతాను.

ఇట్లు,
చిన్నమ్మమ్మ