వన సంరక్షణా? వన పరిరక్షణా?

సందేహం: 1972లో వచ్చిన ‘సైలెంట్ రన్నింగ్’ అనే ఆంగ్ల సైన్స్ ఫిక్షన్ చిత్రం గురించి ‘అంతరిక్షంలో వన సంరక్షణ’ అనే పేరుతో వ్యాసం రాశాను. ‘పరిరక్షణ’ అనాలని మిత్రులు దిద్దారు. ఏది సరైనది? – ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: మీరు రాసింది తప్పు కాదు. ఆంగ్లంలో ఒకే మాట ఉన్నచోట కూడా, 1972 నాటి చట్టాన్ని వన్యప్రాణి సంరక్షణ చట్టమనీ, 1986 నాటి దాన్ని పర్యావరణ పరిరక్షణ చట్టమనీ తెలుగులో వ్యవహరిస్తున్నాం. అయినా ఈ రెండు మాటలకూ ఉన్న తేడాను పోగొట్టుకోకూడదని నా అభిప్రాయం.

‘సమ్’ అంటే చక్కగా; ‘పరి’ అంటే చుట్టూ. పరిధి, పరిసరం, పరిభ్రమణం అన్నింటిలో ఉన్నది ఈ ‘పరి’యే. (పరి + ఆవరణం = పర్యావరణం, యణాదేశ సంధి; ‘పర్యావారణం’ అని దీర్ఘమివ్వడం తప్పు.) మన చిత్తూరు వైపు మామిడి అంటు నాటిన రైతు పాది తీసి, కడవతో నీళ్లు పోసి, మొదట్లో ఎండాకు కప్పడం సంరక్షణ, మేకలు కొరకకుండా దాని చుట్టూ ముళ్లకంప నాటడం పరిరక్షణ. మొదటిదాన్ని మనవాళ్లు ‘సాకడం’ అంటారు, రెండోదాన్ని ‘కాయడం’ అంటారు. శేషాచలం కొండల్లో ఎర్రచందనాన్ని గొడ్డలి వేటు పడకుండా చూడడం పరిరక్షణ, నర్సరీలో దాని నారు పెంచడం సంరక్షణ.

మీరు చెప్పిన చిత్రంలో రెండూ ఉన్నాయి. భూమి మీద కనుమరుగైన అడవులను అద్దాల గుమ్మటాల్లో నిలిపి, శనిగ్రహం దాపున తిరిగే నౌకల్లో పెంచుతుంటారు. ఆ గుమ్మటాలను పేల్చివేయమని వచ్చిన ఆదేశాన్ని లోవెల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ధిక్కరించి, తోటివారి ప్రాణాలు తీయడానికి కూడా తెగించడం పరిరక్షణ కోసమే. అందులోని ధర్మాధర్మాల సంగతి మీ వ్యాసం తేల్చాలి. నౌక సూర్యుడికి దూరమైన కొద్దీ చెట్లు వాడిపోతుంటే, కొరవడింది వెలుతురని ఆలస్యంగా గ్రహించి అతడు దీపాలు అమర్చడం మాత్రం సంరక్షణ. చివరకు మనిషన్నవాడు లేని గుమ్మటంలో ఒక చిన్న యంత్రం నీళ్ల డబ్బా పట్టుకొని మొక్కలకు నీళ్లు పోస్తూ కనిపిస్తుంది.

కథంతా అడవిని నాశనం కాకుండా కాపాడుకోవడం చుట్టూ తిరుగుతుంది కనుక శీర్షికకు ‘పరిరక్షణ’ మేలు. ఆ యంత్రం దగ్గరికి వచ్చేసరికి ‘సంరక్షణ’ అనే రాయండి; నన్నడిగితే ‘మొక్కలను సాకుతున్నది’ అని రాస్తాను.