కాస్త గ్రౌండు వీడి మోకాల్లో

నెల్లూరు

తమ్ముడూ,

నీ కథ చదివాను. టీ బంకు దగ్గర ఒక మాట చదివి ఆగిపోయాను, చాలాసేపు ముందుకి పోబుద్ధి కాలేదు. ఒకప్పుడు కలిసి కబడ్డీ ఆడిన నలుగురు చాన్నాళ్ళకి కందుకూరులో కలుసుకున్నారు. వాళ్ళు ఆడిన గ్రౌండు ఇప్పుడు లేదు. ఒకడు పక్కవాడి లుంగీ మోకాలి దాకా లాగి, మచ్చ మీద వేలు పెట్టి, "గ్రౌండంతా ప్లాట్లేసి అమ్మేశార్రా. మిగిలిందల్లా వీడి మోకాల్లో ఉండే మట్టే. దీన్ని కూడా రిజిస్ట్రేషన్ చేయించండి" అంటాడు.

ఈ మాట నువ్వు కూర్చుని అల్లింది కాదనీ, ఎక్కడో చెవిన పడితే దాచుకున్నదనీ నాకనిపించింది. అట్టా దాచుకోగలిగినవాడికి చెప్పాల్సింది చాలా ఉంది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ఆ మాట తర్వాత నువ్వు నాలుగు వాక్యాలు రాశావు. గ్రౌండు ఎప్పుడు అమ్ముడుపోయిందో, మోకాల్లోకి మట్టి ఎట్టా చేరిందో, వాళ్ళు ఎందుకు నవ్వారో, నవ్వినా లోపల ఎంత బాధ ఉందో. ఆ నాలుగూ కొట్టెయ్. అవి రాయాల్సిన అవసరం ఎందుకొచ్చిందో మాత్రం ఆలోచించు. స్నేహితుల జోకు గ్రౌండులో ఉన్నవాళ్ళ సొత్తు. పాఠకుడు ఆ రోజు అక్కడ లేడు. వాణ్ణి ముందే ఆ మట్టి మీదికి తీసుకుపోకుండా జోకు వినిపించావు, విన్నాక అర్థం చెప్పాల్సి వచ్చింది. అర్థం చెప్పించుకున్న జోకుకి ఎవరూ నవ్వరు.

కాబట్టి గాయం దగ్గరికి పోదాం. గరుకు నేల మీద పడి చర్మం లేచిపోతే, ఆ గాయాన్ని సరిగ్గా కడక్కపోతే, సన్నటి మట్టి లోపలే ఉండిపోతుంది. పైన కొత్త చర్మం కప్పేశాక అది నీలంగా, నల్లగా, పచ్చబొట్టు పొడిచినట్టు ఉండిపోతుంది. అంటే నీ స్నేహితుడి మాట ఉత్త చమత్కారం కాదు, అక్షరాలా నిజం. ఈ సంగతి కథలో ముందెక్కడో, ఎవరూ పట్టించుకోని చోట, తల్లి పసుపు అద్దుతున్నప్పుడో కాంపౌండరు దూదితో తుడుస్తున్నప్పుడో వచ్చేయాలి. తర్వాత టీ బంకు దగ్గర మట్టి అనే మాట వినగానే పాఠకుడు తనంతట తనే నవ్వుతాడు. నవ్వాక తనంతట తనే ఆగుతాడు.

పదిహేనేళ్ళ తర్వాత కూడా మచ్చ ఎర్రగా ఉందని రాశావు. మామూలుగా ఆ ఎరుపు కొన్ని నెలలు ఉంటుంది, ఏడాది రెండేళ్ళలో పోతుంది. మన ఒంటి రంగుకి ఆ తర్వాత మచ్చ పాలిపోనన్నా పోతుంది, నల్లబడనన్నా నల్లబడుతుంది.

ఆట కూడా సరిచూసుకో. నీ కుర్రాడు రెండు నిమిషాలు కూత ఆపలేదన్నావు. సంక్రాంతికి ఊళ్ళో ఆడే ఆటయితే అడిగేవాడు లేడు. నువ్వు రాసింది జిల్లా పోటీ, విజిల్ పట్టుకుని రిఫరీ నిలబడ్డాడు. అక్కడ రైడుకి 30 సెకన్లే. పట్టుకోవడాన్ని "అందరూ మీద పడ్డారు" అని తేల్చేశావు. ఏడుగురిలో మొదట చెయ్యి వేసింది ఎవరు? పక్క నుంచి డ్యాష్ ఇస్తే మనిషి గీత బయటికి పోయి పడతాడు, ఎక్కువగా భుజమో మోచెయ్యో దెబ్బతింటుంది. కార్నర్‌లో ఉన్నవాడు చీలమండ దొరకబుచ్చుకుంటే రైడర్ బోర్లా పడతాడు, మోకాలు నేలకి కొట్టుకుంటుంది. నీ కుర్రాడిది మోకాలు కాబట్టి యాంకిల్ హోల్డే అనుకుంటున్నాను. పట్టినవాడెవడు? సింగరాయకొండ జట్టుకి ఆడి, తర్వాత కాలేజీలో వీళ్ళతో కలిసినవాడు ఒకడున్నాడు కదా, వాడేనా? అయితే టీ బంకు దగ్గర వాడు ఏం చేస్తున్నాడో నువ్వు ఒక్క ముక్క రాయలేదు.

ఇది ఎందుకడుగుతున్నానంటే, మా స్నేహితుల్లో ఒకడికి ఎడమ కనుబొమ్మ మధ్యలో చీలిక ఉంది. కుర్రతనంలో కార్కు బాలు తగిలింది. ఆ మచ్చలో వెంట్రుకల కుదుళ్ళు ఉండవు, చెమట గ్రంథులు ఉండవు. మావాళ్ళు దాన్ని పిచ్ అంటారు. "పిచ్ మీద గడ్డి యాడన్నా మొలిచిద్దా" అని ఒకడు, "రోహిణి కార్తెలో కూడా వాడి పిచ్ తడవదబ్బా" అని ఇంకొకడు. ఆ బంతి కొట్టినవాడు మాత్రం జోకు వెయ్యడు. అందరితోపాటు నవ్వి, లెక్క దిద్దుతాడు. ఎవరన్నా ఆరు కుట్లంటే "అయిదే" అంటాడు. రిక్షా ఎక్కించింది ఎవరో, ధనుర్వాతం ఇంజెక్షన్ చేసేటప్పుడు చెయ్యి పట్టుకున్నది ఎవరో వాడికి గుర్తు. కుట్లు పడినవాడికే అవి గుర్తులేవు. వాడు ఎప్పుడన్నా క్షమించమని అడిగాడేమో నేను వినలేదు. ఆ "అయిదే" మాత్రం మేం కూర్చున్న ప్రతిసారీ విన్నాను, విన్న ప్రతిసారీ నాకు గుండె బరువెక్కింది. నీ సింగరాయకొండవాడికి ఇట్టాంటి మాట ఒకటి ఉండే ఉంటుంది. వెతుకు.

ఇంకొక చోట నీతో గట్టిగా విభేదిస్తున్నాను. పెళ్ళయ్యాక బావమరిది వచ్చి మోకాలి మీద అదే జోకు వేస్తే నలుగురూ పగలబడి నవ్వారని రాశావు. నవ్వరు తమ్ముడూ. ఒకడు గ్లాసు చూసుకుంటాడు, ఇంకొకడు "ఇంకో టీ చెప్పమంటావా బావా" అని మాట మారుస్తాడు. బావమరిది చెడ్డవాడు కాదు, పాపం కలిసిపోదామని చూశాడు. కానీ ఆ జోకు వేసే హక్కు వాడికి లేదు. అదే మాట ఒక నోట నవ్వై, ఇంకో నోట చల్లబడిపోవడం చూపిస్తే, వాళ్ళ స్నేహం ఎంత గట్టిదో నువ్వు వేరే చెప్పక్కర్లేదు.

మాటల సంగతి క్లుప్తంగా చెబుతాను. కందుకూరు టీ బంకు దగ్గర ఎవరూ "మిత్రమా, నీ గాయం ఇంకా బాధిస్తోందా" అనరు. "ఏంరా, మోకాలు ఇంకా సలపతా ఉండాదా" అంటారు. "గమ్మునుండు", "పిలకాయలు", "ఎట్టా" అనే మాటలు రాయడానికి నువ్వు సంకోచిస్తున్నావు. సంకోచించకు. మన నోటి మాటలోనే ఆ నవ్వు పుట్టింది.

చివరగా, నాకు నిద్ర పట్టనివ్వని వాక్యం. "వాడి అక్క కూడా స్కూలు జట్టులో ఆడింది, ఆమె గడ్డం కింద కూడా మచ్చ ఉంది." అంతే, వదిలేశావు. తమ్ముడి మచ్చ మీద ఊరంతా జోకులేసింది. అక్క మచ్చ మీద ఇంట్లో ఎవరూ నోరెత్తి ఉండరు. పెళ్ళిచూపులనాడు ఆమెకి తల కాస్త వంచుకోమని చెప్పి ఉంటారు. విరాటుడి కొలువులో అర్జునుడు అల్లెతాటి రాపిడికి పడ్డ మచ్చలు కనపడకుండా చేతుల నిండా గాజులు తొడుక్కున్నాడు. మన తిక్కన నెల్లూరులో భారతం చెప్పడం మొదలుపెట్టింది ఆ విరాటపర్వంతోనే. ఆట నేర్పిన మచ్చని దాచుకోవాల్సి రావడం అంత పాత కథ. దాన్ని నువ్వు కొత్తగా రాయగలవు.

ఆమె జట్టులో ఆడిన అమ్మాయిలు ఇప్పుడు కావలిలోనో ఒంగోలులోనో ఉండి ఉంటారు. కలుసుకున్నప్పుడు వాళ్ళూ ఆ గడ్డం మీద జోకులు వేసుకునే ఉంటారు, మగవాళ్ళెవరూ లేని గదిలో. అవి ఏమిటో నీకు తెలియదు, నాకూ తెలియదు. పోయి అడుగు. చెప్పనంటే బలవంతం చెయ్యొద్దు. చెబితే ఆమె మాట ఆమె అన్నట్టే రాసుకుని, ముందు ఆమెకి చదివి వినిపించి, సరేనన్నాకే నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అన్న